ఇస్మార్ ఎల్బోగన్: ప్రార్థనలకు చరిత్ర రాసిన బెర్లిన్ పండితుడు

యూదుల ప్రార్థనల చరిత్ర మీద పని చేసేవాళ్లు ఇప్పటికీ తిరగేసే ఒక పెద్ద పుస్తకం 1913లో జర్మన్ భాషలో వచ్చింది. యూదు ఆరాధన ఎలా పుట్టి, ఎలా పెరిగి, ఎలా మారుతూ వచ్చిందో చెప్పే గ్రంథం అది. రాసింది ఇస్మార్ ఎల్బోగన్. 1902 నుంచి 1938 దాకా బెర్లిన్‌లో పాఠాలు చెప్పి, చివరికి నాజీల పాలనలో దేశం వదిలి న్యూయార్క్ చేరిన ప్రొఫెసర్ ఆయన. ఆ పుస్తకం విలువ తెలియాలంటే, ప్రార్థన ఎంత పాతదన్న ప్రశ్న జర్మనీలో ఎందుకంత పెద్ద గొడవైందో ముందు తెలియాలి.

యూదులు రోజూ చదివే ‘అలేను’ ప్రార్థనలో ఒకప్పుడు ఒక వాక్యం ఉండేది. ఇతరులు శూన్యానికి మొక్కుతారన్నది దాని భావం. అది క్రీస్తును తిట్టడమేనని కొందరు ఫిర్యాదు చేశారు. 1703లో, బెర్లిన్ రాజధానిగా ఉన్న జర్మన్ రాజ్యం ప్రష్యా రాజు ఆ వాక్యాన్ని నిషేధించి, సినగాగ్‌లలో, అంటే యూదుల ప్రార్థనా మందిరాల్లో, దాన్ని ఎవరూ చదవకుండా చూడటానికి ప్రభుత్వ మనుషులను పెట్టాడు. అందులోని మాటలు యెషయా గ్రంథంలోవని, క్రైస్తవానికి ముందు నుంచీ ఉన్నవని యూదులు చెప్పుకోవాల్సి వచ్చింది. అంటే ఒక వాక్యం వయసు తేల్చడం వాళ్లకు కోర్టులో సాక్ష్యం చెప్పడం లాంటిది.

తర్వాతి వందేళ్లకు గొడవ ఇంట్లోనే మొదలైంది. 1818లో హాంబర్గ్‌లో కొందరు కొత్త తరహా సినగాగ్ తెరిచి, చర్చిల్లో వాయించే ఆర్గన్ పెట్టారు, జర్మన్‌లో ప్రసంగాలు చేయించారు, కొన్ని ప్రార్థనలు మార్చి 1819లో సొంత పుస్తకం అచ్చు వేశారు. సంప్రదాయ రబ్బీలు (యూదు మత గురువులు) మండిపడి, ఖండన లేఖలన్నీ కలిపి అదే ఏడాది పుస్తకంగా తెచ్చారు. బెర్లిన్‌లో రాజే కల్పించుకున్నాడు. యూదుల ఆరాధనలో భాషలో గానీ, పాటలో గానీ, ఆచారంలో గానీ ఇసుమంత కొత్తదనం ఉండకూడదని 1823 డిసెంబరులో ఆజ్ఞ జారీ చేశాడు.

దానికి జవాబు 1832లో యూదు పండితుడు లియోపోల్డ్ సున్జ్ రాసిన పుస్తకం. సినగాగ్‌లో జనానికి అర్థమయ్యే భాషలో ప్రసంగించడం కొత్త పోకడ కాదని, ప్రాచీన కాలం నుంచీ ఉన్నదేనని ఆయన ఆధారాలతో చూపించారు. యూదు చరిత్ర, సాహిత్యాలకు బెర్లిన్ యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ పదవి పెట్టమని 1848లో అర్జీ పెడితే తిరస్కరించారు. ఎంత చదువున్నా సున్జ్‌కు యూనివర్సిటీలో పదవి దక్కలేదు.

యూనివర్సిటీ తలుపు తీయకపోవడంతో యూదులే 1872లో బెర్లిన్‌లో సొంత ఉన్నత విద్యాలయం పెట్టుకున్నారు. 1883లో ప్రభుత్వం దానికి ‘ఉన్నత విద్యాలయం’ అనే పేరు కూడా లేకుండా చేసి, మామూలు బోధనాలయం స్థాయికి దించింది. ఆ పేరు మళ్లీ దక్కింది 1920లలో, మళ్లీ పోయింది 1934లో. పేరు మీద కూడా ఇంత పట్టుదల చూపించారంటే, ఆ చదువును ఎంత చిన్నచూపు చూశారో తెలుస్తుంది.

ఎల్బోగన్ పుట్టింది 1874లో, అప్పటి ప్రష్యా పోజెన్ ప్రాంతంలోని షిల్డ్‌బర్గ్‌లో. ఇప్పుడది పోలండ్‌లో ఉంది. బ్రెస్లావ్‌లో రబ్బీ చదువు, యూనివర్సిటీ డాక్టరేట్ పూర్తి చేసి, ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో కొన్నేళ్లు పాఠాలు చెప్పి, 1902లో బెర్లిన్ విద్యాలయంలో చేరారు.

ఆయనకు కాలం ఒక వరం ఇచ్చింది. 1896 చివర్లో కేంబ్రిడ్జ్ పండితుడు సాలమన్ షెక్టర్ కైరో వెళ్లి, అక్కడి పాత సినగాగ్‌లోని జెనీజా గది నుంచి లక్షకు పైగా కాగితం, తోలు ముక్కలు తెచ్చారు. దేవుడి పేరున్న కాగితాన్ని పారేయకూడదని పాడైనవన్నీ శతాబ్దాలుగా ఆ గదిలో పడేస్తూ వచ్చారు. ఆ చిత్తుల్లో ‘అమీదా’ ప్రార్థన పాఠం ఒకటి దొరికింది. అమీదా అంటే నిలబడి చదివే ముఖ్య ప్రార్థన. దానికి ‘పద్దెనిమిది’ అనే మరో పేరుంది, కానీ వాడుకలో ఉన్న బాబిలోనియా పద్ధతిలో లెక్కపెడితే పంతొమ్మిది ఆశీర్వచనాలు ఉంటాయి. కైరోలో దొరికిన పాలస్తీనా పాఠంలో సరిగ్గా పద్దెనిమిదే. జెరూసలేం పునర్నిర్మాణం కోసం, దావీదు వంశం కోసం విడివిడిగా చేసే రెండు ప్రార్థనలు అందులో ఒకటిగా కలిసి ఉన్నాయి. షెక్టర్ దాన్ని 1898లో ప్రచురించారు.

ఎల్బోగన్ పుస్తకం ఈ కొత్త ఆధారాలన్నిటినీ ఒకచోటికి చేర్చింది. మొదటి భాగంలో ప్రార్థనల వివరణ, రెండో భాగంలో వాటి చరిత్ర, మూడో భాగంలో సినగాగ్ నిర్వహణ, అక్కడ పనిచేసేవాళ్ల సంగతులు. నాకు ఇందులో నచ్చేది ఆయన నిబ్బరం. ఆయన ఆరాధనలో మార్పులు కోరే ఉదారవాదుల పక్షం మనిషే, అయినా పాత కవుల కీర్తనలు ప్రార్థనల్లోకి ఎందుకు వచ్చాయో, జనం వాటిని ఎందుకు ఇష్టపడ్డారో ఓపికగా చెప్పారు. అంతా మొదటి నుంచీ ఇలాగే ఉందన్నవాళ్లకు మార్పులు చూపించారు. మారింది కదా అని ఏదైనా కోసేయొచ్చన్నవాళ్లకు ఆ మార్పు వెనకున్న కారణాలు చూపించారు.

1929లో జర్మనీ ఉదారవాద సినగాగ్‌లన్నిటి కోసం ఒకే ప్రార్థన పుస్తకం వచ్చింది. దాన్ని తయారు చేసిన ముగ్గురిలో ఎల్బోగన్ ఒకరు. పదేళ్లు తిరక్కుండానే, 1938 నవంబరులో నాజీల దాడుల్లో ఆ పుస్తకం చదివిన సినగాగ్‌లు తగలబడ్డాయి. ఆ ఏడాదే ఎల్బోగన్ అమెరికా చేరారు. అక్కడ నాలుగు యూదు విద్యాసంస్థలు కలిసి ఆయన పరిశోధనకు జీతం భరించాయి. ఇటు బెర్లిన్ విద్యాలయాన్ని 1942 వేసవిలో మూసేశారు. ఆఖరి దాకా అక్కడ పాఠం చెప్పిన రబ్బీ లియో బెక్‌ను 1943 జనవరిలో థెరెసియన్‌స్టాట్ నాజీ క్యాంపుకు పంపారు. అదే ఏడాది ఆగస్టులో ఎల్బోగన్ న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆధునిక యూదు చరిత్ర మీద ఆయన రాసిన ఆఖరి పుస్తకం మరుసటి ఏడాది అచ్చయింది.

ఆయన పుస్తకం మాత్రం ఆగలేదు. 1972లో ప్రార్థనల చరిత్ర పరిశోధకుడు జోసెఫ్ హైనెమన్, మరికొందరు కలిసి దాన్ని హీబ్రూలోకి తెచ్చి కొత్త పరిశోధనలను చేర్చారు. ఇంగ్లిష్ అనువాదం 1993లో వచ్చింది. తమాషా ఏమిటంటే, ఎల్బోగన్‌తో గట్టిగా విభేదించిందీ ఆ హైనెమనే. ప్రతి ప్రార్థనకూ ఒక మూలపాఠం ఉంటుందని, దాన్ని వెతికి పట్టుకోవచ్చని పాత తరం నమ్మింది. ప్రార్థనలు నోటి మాటగా, జనం మధ్య, మొదటి నుంచే రకరకాల రూపాల్లో పుట్టాయని హైనెమన్ అన్నారు. దానికి ఎదురుగా మరో పరిశోధకుడు ఎజ్రా ఫ్లైషర్ 1990లో, జెరూసలేం ఆలయం కూలాక యవ్నె అనే ఊళ్లో యూదు పండితులు కూర్చుని అమీదాను కొత్తగా, ఒకే నిర్ణీత పాఠంగా రచించారని వాదించారు. ఈ మూడు వాదాల మధ్య చర్చ ఇంకా తెగలేదు.