బొగ్గు వేస్తే నీరు ఆగుతుందా? ముందు మీ మట్టి చూపించండి

2018లో తిత్లీ తుపాను వెళ్లాక ఉద్దానంలో ఎక్కడ చూసినా కూలిన కొబ్బరి, జీడి చెట్లే. ఆ కట్టెను గుంటల్లో కాల్చడంతో నాకు బయోచార్, అంటే మట్టిలో కలపడానికి బూడిద కాకుండా కాల్చిన బొగ్గు, తయారుచేసే పని అలవాటైంది. అప్పటినుంచి కవిటి ఇసుక తోటలకు వెళ్లినా, విజయనగరం గరువులకు (మెట్ట నేలలకు) వెళ్లినా ఒకటే ప్రశ్న: "ఇది వేస్తే నీళ్లు ఆగుతాయట కదా బాబూ?"

అపోహ: ఏ నేలలో వేసినా నీరు నిలుస్తుంది.

ఇసుక నేలలో నిజమే. ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి, పోసిన నీరు వేరు తాగేలోపే కిందికి దిగిపోతుంది. చెట్టు బతికున్నప్పుడు నీరు మోసిన సన్నని గొట్టాలు కట్టె కాలాక కూడా బొగ్గులో అలాగే ఉంటాయి. నీరు వాటిలో చేరుతుంది, బొగ్గుకూ ఇసుకకూ మధ్య ఏర్పడే చిన్న సందుల్లోనూ ఆగుతుంది.

గరువు ఎర్ర నేలల్లో ఫలితం అటూ ఇటూగా ఉంటుంది. ఇసుక పాలు ఎక్కువుంటే బాగానే, జిగట ఎక్కువుంటే కొద్దిగానే. ఇక వంశధార కింద పల్లపు బంకమట్టికి నీరు పట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. అక్కడ బొగ్గు చేసే మేలు వేరు: మట్టి గుల్లబారుతుంది, మురుగు దిగుతుంది. నీరు నిల్వ ఉండే వరి మడికి నీటి కోసం బయోచార్ కొనమని నేనైతే చెప్పను.

అపోహ: బొగ్గు పట్టిన నీరంతా మొక్కకే.

కాదు. మరీ సన్నని రంధ్రాల్లోకి పోయిన నీటిని వేరు లాగలేదు. తూకం వేస్తే మట్టిలో తడి ఉంటుంది, మొక్క మాత్రం వాడిపోతుంది. "బరువుకు ఇన్ని రెట్లు నీరు పడుతుంది" అని బస్తా మీద రాసింది చూసి మురిసిపోవద్దు.

అపోహ: కాల్చిన వెంటనే చల్లేయొచ్చు.

ఈ తప్పు నేనే చేశాను. ఒక జూన్‌లో పొడి బొగ్గు తోటలో పైపైన చల్లి వచ్చాం. మర్నాడు కురిసిన వానకి అదంతా తేలిపోయి గట్టు వార నల్లటి చారగా మిగిలింది. ఆ తోట రైతు ముఖం చూడలేకపోయాను. సరిగ్గా కాలని బొగ్గు మీద తారు జిడ్డు ఉంటుంది, అది నీటిని దగ్గరికి రానివ్వదు. ఇప్పుడు చిన్న ముక్క వేళ్లతో నలిపి చేయి కడుక్కుంటాను. ఉత్త నీటితో మసి పోతే సరే, సబ్బు కావాల్సి వస్తే మళ్లీ కాల్చాల్సిందే. బాగా కాలినదాన్ని గత్తంలో (పశువుల ఎరువులో) కలిపి, పేడనీళ్లు పోసి, రెండు మూడు వారాలు మాగనిచ్చి మట్టి లోపలికి కలుపుతాం.

అపోహ: ఎకరానికి రెండు బస్తాలు చాలు.

లెక్క వేద్దాం. ఎకరంలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి సుమారు 900 టన్నులు. అందులో 1 శాతం కావాలన్నా 9 టన్నుల బొగ్గు! రెండు బస్తాలు ఏ మూలకు? అందుకే పొలమంతా చల్లకుండా గుంతల్లో వేయమంటాను. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతున్న కొబ్బరి గుంతలో ఇసుక టన్నున్నర ఉంటుంది. 2 శాతమంటే 30 కిలోలు. అది మన చేతనయ్యే పని.

అపోహ: మిల్లు బూడిద కూడా బయోచారే.

తెల్లగా, బూడిద రంగులో ఉంటే అందులో బొగ్గు దాదాపు మిగల్లేదనే. పైగా బూడిదకు క్షారగుణం, చౌడు నేలలో అసలు వేయొద్దు.

నా మాట మీద నమ్మకం లేకపోతే రెండు పాల డబ్బాల అడుగున మేకుతో బెజ్జాలు పెట్టండి. ఒకదాంట్లో మీ మట్టి, రెండోదాంట్లో మాగిన బొగ్గు కలిపిన అదే మట్టి. రెండింట్లో అలసంద గింజలు వేసి, నాలుగాకులు వచ్చాక ఒకే రోజు నీళ్లు ఆపేయండి. ఏది ముందు తల వాలుస్తుందో చూసి, అప్పుడు బొగ్గు కొనండి.