సున్నుండల తప్పేం లేదు

ఆరో నెలలో మా చెల్లెలికి చెన్నై వడపళనిలోని ఒక ల్యాబులో గ్లూకోజు నీళ్లిచ్చారు. 75 గ్రాముల గ్లూకోజు, దాదాపు 300 మిల్లీలీటర్ల నీళ్లు, ఐదు నిమిషాల్లో తాగేయాలి. మూడు గుక్కలకే దానికి కడుపులో తిప్పింది. నర్సు అందులో నిమ్మకాయ పిండాక ఎలాగో గొంతు దిగింది. రెండు గంటలాగి రక్తం తీస్తే షుగర్ 158. ఈ టెస్టులో 140 వచ్చినా ప్రెగ్నెన్సీ షుగర్ కిందే లెక్క.

నెల్లూరు నుంచి వచ్చిన మా అమ్మ ముఖం వాడిపోయింది. "నేను మోసుకొచ్చిన సున్నుండల వల్లేనేమోనే" అంది. చెల్లెలేమో, తానే నోరు కట్టుకోలేదని ఏడుపు.

అసలు కారణం మాయ, అంటే కడుపులో బిడ్డకు తల్లి నుంచి పోషణ అందించే ప్లాసెంటా. బిడ్డకు గ్లూకోజు కొరత రాకుండా, తల్లి ఇన్సులిన్ అంత గట్టిగా పనిచేయకుండా చేసే హార్మోన్లను అది విడుదల చేస్తుంది. నెలలు నిండేకొద్దీ ఆ ప్రభావం పెరుగుతుంది. చాలామందిలో క్లోమం ఇన్సులిన్ పెంచి నెట్టుకొస్తుంది. కొందరిలో అది చాలదు. ఇంట్లో ఎవరికైనా షుగర్ జబ్బు ఉన్నా, బరువు, వయసు ఎక్కువైనా ఆ అవకాశం పెరుగుతుంది; మన దేశపు ఆడవాళ్లలో మామూలుగానే ఎక్కువ. సున్నుండలు షుగర్‌ని పెంచుతాయి, నిజమే. కానీ జబ్బు తెచ్చింది అవి కాదు.

తల్లి గ్లూకోజు మాయ దాటి బిడ్డకు చేరుతుంది, ఇన్సులిన్ దాటదు. దాంతో బిడ్డ క్లోమమే ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేస్తుంది. డెన్మార్క్ వైద్యుడు పెడర్సన్ 1950లలోనే ఈ సంగతి వివరించాడు. బిడ్డకు కొవ్వు పట్టి, భుజాలు బలిసి, అసలే కష్టమైన తొలి కాన్పు మరీ కష్టమవుతుంది. బొడ్డుతాడు కోయగానే తల్లి గ్లూకోజు ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఇంకా ఉంటుంది. షుగర్ పడిపోతుందేమోనని పసిగుడ్డు మడమ గుచ్చి చూసేది అందుకే.

ఈ టెస్టుకు పరగడుపున వెళ్లక్కర్లేదు. ఏం తిని వచ్చినా చేయొచ్చని చెప్పింది చెన్నై డాక్టరు వి. శేషయ్య, ఆయన సహచరులు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 'రేపు ఏమీ తినకుండా రామ్మా' అంటే, రెండు బస్సులు మారి వచ్చిన మనిషి మళ్లీ రాదు. మన కేంద్ర ఆరోగ్యశాఖ కూడా ఇదే పద్ధతి పెట్టింది: మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, 24-28 వారాల మధ్య మరోసారి. పరగడుపు టెస్టుతో పోలిస్తే కొన్ని కేసులు దీనికి దొరకవనే విమర్శ ఉంది. అయినా చేయించుకోని గొప్ప టెస్టు కన్నా, జరిగే టెస్టే నయమని నాకనిపిస్తుంది.

చెల్లెలికి రెండు వారాలు తిండి మార్చి, నడక పెట్టించారు. తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలి. ఉండకపోతే మెట్‌ఫార్మిన్ గానీ ఇన్సులిన్ గానీ ఇస్తారు. ఇన్సులిన్ అనగానే మా ఇంట్లో అందరికీ టెన్షన్, బిడ్డకేమైనా అవుతుందని. చెల్లెలికి అంతవరకూ రాలేదు.

కాన్పయి మాయ పడ్డాక చాలామందికి షుగర్ దిగిపోతుంది. అయితే తర్వాతి ఏళ్లలో అసలు షుగర్ వచ్చే అవకాశం బాగా ఎక్కువ. అందుకే 6 వారాలకు మళ్లీ గ్లూకోజు నీళ్లు తాగమంటారు. ఆరో వారంలో పాపకు టీకా తేదీ తప్పకుండా వేయించారు. తల్లి టెస్టు మాత్రం తొమ్మిదో వారానికి గానీ గుర్తు రాలేదు. ఈసారి నిమ్మకాయ ఇంటి నుంచే పట్టుకెళ్లింది.