క్లోమంలో ఆగని వాపు: రోగనిరోధక కణాల గురించి అపోహలు - వాస్తవాలు

క్రానిక్ ప్యాంక్రియాటైటిస్ (క్లోమంలో ఏళ్ల తరబడి ఆగని వాపు) అని నిర్ధారణ అయ్యాక రోగి గానీ వెంట వచ్చిన బంధువు గానీ అడిగే మొదటి ప్రశ్న చాలాసార్లు ఒక్కటే ఉంటుంది: “ఇమ్యూనిటీ తగ్గడం వల్లే ఇది వచ్చిందా డాక్టర్‌గారూ? పెంచుకోవడానికి ఏం వాడమంటారు?” అడిగేవారిలో భయం ఉంటుంది కాబట్టి ఎన్నిసార్లు అడిగినా నాకు విసుగు రాదు. ఆ భయాన్ని ఆసరాగా చేసుకుని క్లోమానికి ఇమ్యూనిటీ పెంచుతామంటూ పొడులు, కషాయాలు అంటగట్టేవారి విషయంలో మాత్రం నాకు ఓర్పు లేదు.

అపోహ: ఇమ్యూనిటీ తగ్గడం వల్ల క్లోమం వాస్తుంది, పెంచుకుంటే నయమవుతుంది.

వాస్తవం: ఏళ్ల తరబడి వాచిన క్లోమం నుంచి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, అక్కడ కొరతగా ఉన్నవి రోగనిరోధక కణాలు కావు. ఎంజైములు తయారుచేసే ఎసినార్ కణాలు చిక్కిపోయి, వాటి చోట పీచులాంటి మచ్చ కణజాలం పేరుకుని ఉంటుంది. దాని నిండా రోగనిరోధక కణాలైన మ్యాక్రోఫేజ్‌లు, టీ లింఫోసైట్లు, మాస్ట్ కణాలు ఉంటాయి. లేనిదాన్ని పెంచమంటే అర్థముంది గానీ, అవసరానికి మించి పోగైనదాన్ని ఇంకా పెంచి ఏం సాధించాలి?

క్లోమం తన ఎంజైములకు తానే బలవుతోందని వ్యాధి శాస్త్రవేత్త హాన్స్ కియారి 1896లోనే ప్రతిపాదించారు. సరిగ్గా వందేళ్లకు, 1996లో, వంశపారంపర్య ప్యాంక్రియాటైటిస్ ఉన్న కుటుంబాలలో, ప్రోటీన్లను జీర్ణం చేసే ట్రిప్సిన్ ఎంజైముకు ముందురూపమైన ట్రిప్సినోజెన్‌కు సంబంధించిన పీఆర్‌ఎస్‌ఎస్1 జన్యువులో మార్పు బయటపడడంతో ఆ ఆలోచనకు బలం చేకూరింది. అయితే జబ్బంతా ట్రిప్సిన్ చేసే పనే అనుకోవడానికి వీల్లేదు. కణం లోపల ట్రిప్సినోజెన్ చైతన్యం కాకుండా జన్యుమార్పు చేసిన ఎలుకలకు క్లోమాన్ని అతిగా ప్రేరేపించే సెరులీన్ అనే పదార్థాన్ని పదే పదే ఎక్కించినప్పుడు, వాటి క్లోమంలోనూ దీర్ఘకాలిక వాపు వచ్చింది. అంటే దెబ్బ ఏ దారిన తగిలినా, దానికి రోగనిరోధక వ్యవస్థ స్పందించే తీరు కూడా జబ్బును నడిపిస్తుందన్నమాట.

ఆ స్పందన ఎలా సాగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. దెబ్బతిన్న ఎసినార్ కణం విడుదల చేసే రసాయన సంకేతాలకు ముందుగా న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు చేరుకుంటాయి, ఆ వెనక రక్తం నుంచి మోనోసైట్లు అనే మరో రకం తెల్లరక్తకణాలు వచ్చి మ్యాక్రోఫేజ్‌లుగా మారతాయి. అవి మొదట చనిపోయిన కణాలను శుభ్రం చేసి, తర్వాత మరమ్మతుకు దిగుతాయి. దెబ్బ ఒక్కసారితో ఆగిపోతే క్లోమం చాలావరకు కోలుకుంటుంది. ఆగకపోతే మరమ్మతు చేసే మ్యాక్రోఫేజ్‌లు అక్కడే తిష్ఠ వేసి, టీజీఎఫ్-బీటా వంటి ప్రోటీన్లతో స్టెల్లేట్ కణాలను రెచ్చగొడతాయి. క్లోమం నుంచి 1998లో తొలిసారి వేరుచేయగలిగిన ఈ స్టెల్లేట్ కణాలు, మామూలుగా విటమిన్-ఎ నిండిన కొవ్వు బిందువులను దాచుకుని నిశ్శబ్దంగా ఉంటాయి. రెచ్చిపోయినప్పుడు మాత్రం ఆ నిల్వలను వదిలేసి కొల్లాజెన్‌ను గుమ్మరిస్తాయి, పైగా తాము విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే సంకేత ప్రోటీన్లతో మ్యాక్రోఫేజ్‌లను మళ్లీ మరమ్మతు వైపే నెడతాయి. గోడ పగుళ్లు పూడ్చడానికి వచ్చిన మేస్త్రీలు, పగలడం ఆగడం లేదని గది మొత్తాన్ని సిమెంటుతో నింపేసినట్టు, ఈ రెండు రకాల కణాలూ కలిసి గ్రంథిని పీచుతో నింపేస్తాయి.

కాబట్టి వైద్యంలో అన్నిటికంటే ముందు చేయవలసింది ఆ దెబ్బను ఆపడం. మద్యం మానాలని అందరికీ తెలుసు. సిగరెట్ దగ్గరే నా మాట చెల్లదు. మద్యం ముట్టనివారిలోనూ పొగతాగడం ఈ జబ్బు ముప్పును పెంచుతుంది, జబ్బు వచ్చాక దాని వేగాన్నీ పెంచుతుంది. పొగలోని కొన్ని పదార్థాలు టీ కణాలలోని ఒక గ్రాహకానికి అంటుకుని ఇంటర్‌ల్యూకిన్-22 విడుదలయ్యేలా చేస్తాయని, అది స్టెల్లేట్ కణాలను ప్రేరేపించి పీచును పెంచుతుందని ఎలుకల మీద జరిగిన ప్రయోగాలు చూపించాయి. అంటే ఒక చేత్తో ఇమ్యూనిటీ పొడి, ఇంకో చేత్తో సిగరెట్ పట్టుకున్న మనిషి తన రోగనిరోధక కణాలను నిజంగానే ఉత్తేజపరుస్తున్నాడు, కానీ ఆ పని చేస్తున్నది పొడి కాదు.

అలాంటి యువకుడొకడు నాకు బాగా గుర్తున్నాడు. మద్యం పూర్తిగా మానేశాడు, అది చిన్న విషయం కాదు. కానీ ఎవరో ఇచ్చిన పొడి మీద నమ్మకంతో, నేను రాసిన ఎంజైమ్ క్యాప్సూళ్లను పక్కన పెట్టేశాడు. మళ్లీ వచ్చేనాటికి బట్టలు వదులైపోయి, మలంలో నూనె తేలుతోంది. “ఇంత బలమైన మందు వేసుకుంటున్నా ఎందుకు చిక్కిపోతున్నాడు?” అని వాళ్లమ్మగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కొవ్వును జీర్ణం చేసే లైపేజ్ ఉత్పత్తి మామూలులో పదోవంతు కంటే తగ్గిపోతే తిన్న కొవ్వు జీర్ణం కాకుండానే బయటికి పోతుందని, కొవ్వులో కరిగే ఏ, డీ, ఈ, కే విటమిన్లు కూడా దానితోపాటే పోతాయని ఆమెకు బొమ్మ గీసి చెప్పాను. భోజనంతోపాటు క్యాప్సూళ్లు మళ్లీ మొదలుపెట్టాక అతని బరువు నిలదొక్కుకుంది. సిగరెట్ మానడానికి మాత్రం ఇంకా చాలాకాలం పట్టింది.

అపోహ: రోగనిరోధక కణాలే కారణమైతే స్టెరాయిడ్లతో వాటిని అణచేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఈ మాట, రోగనిరోధక వ్యవస్థే నేరుగా క్లోమంపై దాడిచేసే ఆటోఇమ్యూన్ ప్యాంక్రియాటైటిస్‌కే వర్తిస్తుంది. అందులో మొదటి రకానికి, రక్తంలో పెరిగే ఐజీజీ4 అనే యాంటీబాడీకి ఉన్న సంబంధాన్ని జపాన్ వైద్యులు 2001లో వెల్లడించారు. పేగుల వాపుతో కలిసి కనిపించే రెండో రకం కూడా స్టెరాయిడ్లకు బాగానే లొంగుతుంది. అయితే స్కాన్‌లో ఇది క్యాన్సర్‌లా కనిపించగలదు గనుక, ముందు ఆ అనుమానం తీర్చుకోకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టకూడదు. మిగతా రకాలలో అవి షుగర్‌ను పెంచి, విటమిన్-డి లోపంతో అప్పటికే బలహీనపడిన ఎముకలను ఇంకా దెబ్బతీస్తాయి. మ్యాక్రోఫేజ్‌లనో స్టెల్లేట్ కణాలనో గురిపెట్టి ఈ జబ్బును వెనక్కి మళ్లించే మందు ఏదీ ఇంతవరకు ఆమోదం పొందలేదు. ఉందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

అపోహ: నొప్పి తగ్గితే వాపు తగ్గినట్టే.

వాస్తవం: నొప్పి వాపుకు కొలమానం కాదు. నొప్పి ఉన్నవారి క్లోమంలో మాస్ట్ కణాలు ఎక్కువగా కనిపిస్తాయి, అవి విడుదల చేసే పదార్థాలు నరాలను అతిసున్నితంగా మారుస్తాయి. కొందరిలో వెన్నుపాము, మెదడు స్థాయిలో కూడా ఆ సున్నితత్వం పాతుకుపోతుంది. వాపు అంతగా లేకపోయినా తీవ్రమైన నొప్పి ఉండవచ్చు, నొప్పి లేకుండానే గ్రంథి గట్టిపడుతూ పోవచ్చు. నొప్పి లేదని మళ్లీ పొగ మొదలుపెట్టేవారు ఇక్కడే మోసపోతారు. రక్తంలో అమైలేజ్, లైపేజ్ ఎంజైములు నార్మల్‌గా ఉన్నాయన్న రిపోర్టు చూసి సంబరపడడం కూడా అలాంటిదే, వాటిని తయారుచేసే కణాలే తగ్గిపోయినప్పుడు అవి పెరగకపోవచ్చు. జీర్ణశక్తి ఎంత మిగిలిందో తెలియాలంటే మలంలో ఎలాస్టేజ్ అనే క్లోమ ఎంజైము పరీక్ష చేయించుకోవాలి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ఇది తాగేవారికే వచ్చే జబ్బు కాదు. జన్యుమార్పులున్న పిల్లలకూ వస్తుంది, కాబట్టి రోగిని చూసి గుసగుసలాడడం మానాలి. ఎంజైమ్ క్యాప్సూళ్లు అలవాటుపడే మందులు కావు. క్యాన్సర్ ముప్పు మామూలు వారికంటే ఎక్కువేగానీ, ఈ రోగులలో అత్యధికులకు క్యాన్సర్ రాదు. క్లోమం దెబ్బతిని వచ్చే మధుమేహంలో ఇన్సులిన్‌తోపాటు షుగర్‌ను పెంచే గ్లూకగాన్ హార్మోన్ కూడా తగ్గుతుంది కాబట్టి, ఇన్సులిన్ తీసుకునేవారిలో షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఆ లక్షణాలను గుర్తుపట్టడం రోగితోపాటు ఇంట్లో వారూ నేర్చుకోవాలి.