రాజ్యాంగం ఎక్కడి నుంచి వచ్చింది? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ జిరాక్స్ షాపులో గ్రూప్స్ పరీక్షల నోట్సు కొన్నా, రాజ్యాంగంలో ఏది ఏ దేశం నుంచి తెచ్చారో చెప్పే ఒక పట్టిక ఉంటుంది: ఆదేశిక సూత్రాలు ఐర్లాండ్, ఉమ్మడి జాబితా ఆస్ట్రేలియా, ఎమర్జెన్సీ జర్మనీ. మార్కులకు అది చాలు. చిక్కల్లా ఆ పట్టికే రాజ్యాంగమనుకుని కోర్టు మెట్లెక్కినప్పుడు.

అపోహ: పది దేశాల రాజ్యాంగాలు ముందేసుకుని నచ్చిన ముక్కలు అతికించారు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ సరుకు వచ్చింది 1935 భారత ప్రభుత్వ చట్టం నుంచి. అది బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం. గవర్నరు, కేంద్ర-రాష్ట్ర అధికారాలను పంచే మూడు జాబితాలు, పబ్లిక్ సర్వీస్ కమిషన్లు అందులో ఉన్నవే. ఎమర్జెన్సీ అంటే జర్మనీ అని బట్టీ పట్టినవాళ్లు ఆర్టికల్ 356నూ ఆ చట్టంలోని సెక్షన్ 93నూ పక్కపక్కన పెట్టి చదవండి. రాష్ట్రపతి పాలన పుట్టిల్లు ఏదో తెలిసిపోతుంది. ఇందులో దాపరికమేమీ లేదు. అరువు తెచ్చుకోవడానికి సిగ్గుపడాల్సిన పని లేదని 1948 నవంబర్ 4న అంబేడ్కర్ రాజ్యాంగ సభలోనే చెప్పారు.

తెచ్చిన మాటను ఎక్కడ కత్తిరించారో చూడాలి. ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రక్షణనిచ్చే ఆర్టికల్ 21 తీసుకోండి. మొదట్లో అక్కడ ఉన్నది అమెరికావాళ్ల ‘డ్యూ ప్రాసెస్’. చట్టం న్యాయంగా ఉందా లేదా అని జడ్జీలే తూచే వీలు ఆ రెండు మాటల్లో ఉంది. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లి అక్కడి సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. జడ్జీల చేతికి అంత అధికారం ఇవ్వడం మంచిది కాదన్నది ఫ్రాంక్‌ఫర్టర్ సలహా. ముసాయిదా కమిటీ ఆ మాట తీసేసి, జపాన్ రాజ్యాంగం 31వ అధికరణ చూసి ‘చట్టం నిర్దేశించిన పద్ధతి’ అని పెట్టింది. (1946లో ఆ జపాన్ రాజ్యాంగాన్ని మొదట రాసిందీ అమెరికా జనరల్ మెకార్థర్ కింద పనిచేసిన అమెరికన్లే, అది వేరే సంగతి.) ఫలితం 1950లోనే తేలింది. నిర్బంధాన్ని సవాలు చేసిన ఎ.కె. గోపాలన్ కేసులో, చట్టమంటూ ఒకటి ఉంటే చాలన్నట్టు సుప్రీంకోర్టు చదివింది. ఆ పద్ధతి న్యాయంగా, సబబుగా ఉండాలని మేనకా గాంధీ కేసులో చెప్పించుకోవడానికి 1978 దాకా ఆగాల్సి వచ్చింది. గుమ్మంలోంచి పంపేసిన ‘డ్యూ ప్రాసెస్’ కిటికీలోంచి లోపలికొచ్చింది.

అపోహ: అంబేడ్కర్ ఒక్కరే రాశారు. లేదా, ఆయన చేసిందేమీ లేదు.

రెండూ తప్పే. తొలి ముసాయిదా 1947 అక్టోబర్‌లో బి.ఎన్. రావు తయారుచేశారు. ముసాయిదా కమిటీలో ఏడుగురు. వారిలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ నెల్లూరు జిల్లాలో పుట్టినవారు. సభలో ప్రతిపాదనకొచ్చిన సవరణలు 2,473. వాటికి జవాబిస్తూ ఒక్కో అధికరణనూ గట్టెక్కించిన భారం ప్రధానంగా అంబేడ్కర్‌దే.

అపోహ: రాజ్యాంగాన్ని సవరించి తెలంగాణ ఇచ్చారు.

వాస్తవం: కొత్త రాష్ట్రాల ఏర్పాటుకు సంబంధించిన ఆర్టికల్ 3 కింద మామూలు చట్టంతో ఇచ్చారు. మూడింట రెండొంతుల మెజారిటీ అక్కర్లేదు, ఇలాంటి చట్టాన్ని రాజ్యాంగ సవరణగా లెక్కించకూడదని ఆర్టికల్ 4 సూటిగా చెబుతుంది. బిల్లు రాష్ట్ర శాసనసభకు అభిప్రాయం కోసం వెళ్తుందే గానీ అనుమతి కోసం కాదు. అందుకే 2014 జనవరిలో ఉమ్మడి రాష్ట్ర అసెంబ్లీ బిల్లును తిరస్కరించినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించగలిగింది. అమెరికాలో ఉన్న రాష్ట్రాన్ని చీల్చాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాల్సిందే. ఆ నియమాన్ని మనం తెచ్చుకోలేదు. పట్టికలో ‘ఫలానా దేశం నుంచి తెచ్చాం’ అనే గడి ఉంటుంది, ‘తేలేదు’ అనే గడి ఉండదు. ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకు అవకాశాలు చూపే ఆర్టికల్ 371-డి విభజనతో పోయిందనే మాటా నిజం కాదు. పునర్వ్యవస్థీకరణ చట్టం సెక్షన్ 97 దాన్ని రెండు రాష్ట్రాలకూ వర్తింపజేసింది. లోకల్, నాన్‌లోకల్ లెక్కలు ఇవాళ్టికీ దాని మీదే నడుస్తున్నాయి.

అపోహ: రోడ్డు వెడల్పులో ఇల్లు పోతోంది, ఆస్తి ప్రాథమిక హక్కు కాబట్టి నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లొచ్చు.

వాస్తవం: 1978లో 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల్లోంచి తీసి 300-ఎలో పెట్టింది. నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లనిచ్చే ఆర్టికల్ 32 ప్రాథమిక హక్కులకే. కాబట్టి దారి ఆర్టికల్ 226, అంటే మన హైకోర్టు. అక్కడ రిట్లు (ప్రభుత్వ చర్యను సవాలు చేసే పిటిషన్లు) వీగిపోయే కారణాలు చాలావరకు ఇవే: అప్పీలుకు వీలున్నా వెళ్లకపోవడం, నోటీసు వచ్చి ఏళ్లు గడిచాక కదలడం, ఇదే విషయంలో సివిల్ కోర్టులో వేసిన దావాను అఫిడవిట్‌లో దాచడం. సర్వే నంబరు హద్దుల తగాదా అయితే సాక్ష్యాలు విచారించాలి కాబట్టి సివిల్ కోర్టుకే పొమ్మంటారు. వకీలు దగ్గరకు వెళ్లేటప్పుడు నోటీసు కాపీ, అది చేతికందిన తేదీ, లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత పత్రాలు), ఆఫీసులో ఇచ్చి రిసీవ్డ్ స్టాంపు వేయించుకున్న అర్జీ కాపీ తీసుకెళ్లండి. స్టాంపు లేని అర్జీ ఇచ్చినట్టు కోర్టుకు చూపించడం కష్టం.