'ఇష్టపడగలనేమో' అన్న మాట వెంట

పిల్లలూ,

'గుర్రెన్ లగాన్', 'ఎవాంజెలియన్' రెండూ జపాన్ యానిమేషన్ సిరీస్‌లు, పెద్ద రోబోలు నడిపే కుర్రాళ్ళ కథలు. మొదటిదాని నాయకుడు సిమోన్, రెండోదాని నాయకుడు షింజి. 'గుర్రెన్ లగాన్' చూసినవాళ్ళలో కొందరు సిమోన్ కథ 'ఎవాంజెలియన్' నుంచి వచ్చిందంటారు. కాదు, దానికి పూర్తిగా ఎదురు తిరిగిన కథ అని ఇంకొందరంటారు. రెంటిలోనూ నిజం ఉంది. అది ఎంతవరకు నిజమో తేల్చుకోవాలంటే ఒక చిన్న వాక్యం పట్టుకుని ఓపిగ్గా దాని వెంట వెళ్ళాలి. ఎలా వెళ్ళాలో చెబుతాను. రెండు కథల ముగింపులూ బయటపడతాయి కాబట్టి ఇంకా చూడనివాళ్ళు ఉత్తరం ఇక్కడే ఆపి దాచుకోండి. ఇంకో మాట. ఎవాంజెలియన్ పది పన్నెండేళ్ళ పిల్లలు చూడదగ్గది కాదు. అందులో హింస ఉంది, మనసును కుంగదీసే ఘట్టాలున్నాయి. పెద్దయ్యాక చూడండి, ఎక్కడికీ పోదు.

మొదటి పని తేదీలూ, పేర్లూ రాసుకోవడం. ఎవాంజెలియన్ 1995 అక్టోబరు 4న టీవీ టోక్యోలో మొదలై 1996 మార్చి 27న 26వ భాగంతో ముగిసింది. దర్శకుడు అన్నో హిదెయాకి, స్టూడియో గైనాక్స్. గుర్రెన్ లగాన్ 2007 ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు 27 భాగాలు వచ్చింది. అదే ఛానెల్, అదే స్టూడియో. దాని దర్శకుడు ఇమాయిషి హిరోయుకి ఎవాంజెలియన్‌కు బొమ్మలు గీసిన యువ యానిమేటర్లలో ఒకడు. ఈ రెంటి మధ్యలో 2000లో 'ఎఫ్ఎల్‌సిఎల్' అనే చిన్న సిరీస్ వచ్చింది. దాన్ని తీసిన త్సురుమాకి కజుయా ఎవాంజెలియన్‌లో అన్నోకు సహాయ దర్శకుడు. అంటే ఈ విద్య ఒకే కప్పు కింద చేతులు మారుతూ వచ్చింది. అయితే పేర్ల జాబితా చూసి ప్రభావం ఉందని తేల్చేయకండి. ఒకే చోట పనిచేసినంత మాత్రాన ఒకే మాట చెప్పాలని లేదు. ఏం చేతులు మారిందో సన్నివేశాల్లోనే వెతకాలి.

ఎవాంజెలియన్ చివరి భాగంలో షింజి తన లోపాలన్నీ తనే ఏకరువు పెడతాడు: పిరికివాణ్ణి, నక్కజిత్తులవాణ్ణి, బలహీనుణ్ణి. ఆ తర్వాత వచ్చే మాటల్ని మన భాషలో చెబితే దాదాపు ఇలా ఉంటాయి: "నాకు నేనంటే అసహ్యం. కానీ, ఇష్టపడగలనేమో. నేను ఇక్కడ ఉండొచ్చేమో." జపనీస్‌లో ఈ రెండు చోట్లా వాక్యం 'కమో షిరెనై' అని ముగుస్తుంది. అచ్చం మన 'ఏమో'. ఆ తర్వాత "నేను నేనే, నేను నేనుగానే ఉండాలనుంది, ఇక్కడే ఉండాలనుంది" అంటూ గొంతు పెరుగుతుంది. చివరికి "నేను ఇక్కడ ఉండొచ్చు!" అంటాడు. ఇక్కడ 'ఏమో' లేదు.

జాగ్రత్తగా గమనించండి. 'ఉండొచ్చేమో'లోని అనుమానం తీరింది. 'ఇష్టపడగలనేమో'లోని అనుమానం మాత్రం తీరలేదు, ఆ వాక్యాన్ని అతను మళ్ళీ ఎత్తుకోడు. చుట్టూ అందరూ నిలబడి చప్పట్లు కొట్టి అభినందించేది తనను తాను ప్రేమించుకోవడం నేర్చుకున్నందుకు కాదు, ఇక్కడ ఉండటానికి ఒప్పుకున్నందుకు. ఈ కథ 'సెల్ఫ్ లవ్' నేర్పుతుందని ఒక్క ముక్కలో చెప్పేవాళ్ళు ఈ 'ఏమో'ను మింగేస్తున్నారు. నా లెక్కలో ఈ కథ విలువంతా అందులోనే ఉంది. తనంటే గిట్టని పిల్లవాడికి ఒక్క పూటలో ప్రేమ పుట్టుకొచ్చిందని అది అబద్ధం చెప్పలేదు.

అనువాదం దగ్గర కూడా జాగ్రత్త. షింజి వాడిన మాట 'సుకి'. అది ఇష్టం నుంచి ప్రేమ దాకా సాగే మాట. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన కొత్త ఇంగ్లిష్ అనువాదంలో, 24వ భాగంలో కవోరు అనే కుర్రాడు షింజితో అన్న ఇదే మాట 'ప్రేమ' నుంచి 'ఇష్టం' స్థాయికి దిగిందని అభిమానులు పెద్ద గొడవే చేశారు. షింజి తన గురించి తాను అన్న చోట మాత్రం మన 'ఇష్టం' చక్కగా అతుకుతుంది.

అదే భాగంలో ఇంకో చోటు. తెల్లటి ఖాళీ కాగితం మీద షింజి ఒక్కడే ఉంటాడు. పూర్తి స్వేచ్ఛ, కానీ ఏం చేయాలో తోచదు. అప్పుడు కింద ఒక అడ్డగీత గీస్తారు. స్వేచ్ఛ కొంత తగ్గుతుంది, పైనా కిందా అనేవి పుడతాయి, అతను నిలబడి నడవగలుగుతాడు. పని గడువు తరుముతుండగా తయారైన భాగమిది. ఖరీదైన బొమ్మలు లేకుండా ఒక్క గీతతో ఇంత మాట చెప్పించారు.

ఇప్పుడు సిమోన్ దగ్గరికి వద్దాం. మొదట్లో, అతను అన్నగా భావించే కమినా అతనికి "నిన్ను నమ్మే నన్ను నమ్ము" అని చెబుతాడు. 8వ భాగంలో, చనిపోయే ముందు, ఆ మాటను తనే సవరిస్తాడు: నేను నమ్మే నిన్ను కాదు, నువ్వు నమ్మే నన్ను కాదు, నువ్వు నమ్మే నిన్ను నమ్ము. ఆ తర్వాత సిమోన్ కుప్పకూలి కమినా బొమ్మలు చెక్కుతూ కూర్చుంటాడు. షింజి ఎక్కడైతే ఇరుక్కున్నాడో సరిగ్గా అక్కడే ఇతనూ ఇరుక్కున్నాడు: ఎదుటివాళ్ళ కళ్ళలో తప్ప తనకు విలువ లేదు. 11వ భాగంలో లేచి నిలబడి తాను కమినా కాదంటాడు, "నేను నేనే! గోతులు తవ్వే సిమోన్‌ని!" అంటాడు.

షింజి అన్నది "బోకు వ బోకు ద". సిమోన్ అన్నది "ఓరే వ ఓరే ద". వాక్యం ఒకటే, సర్వనామం వేరు. బోకు మెత్తని 'నేను', మంచి పిల్లవాడి 'నేను'. ఓరే గుండె ఎదురొడ్డి నిలబడే 'నేను'. తెలుగులో రెండూ 'నేను నేనే' అయిపోతాయి కాబట్టి సబ్‌టైటిల్ చదివితే ఈ తేడా దొరకదు, చెవితో వినాలి. ఇంకో తేడా క్రియలో ఉంది. షింజి వెతికింది ఇష్టం, సిమోన్‌కు దొరికింది నమ్మకం. పైగా అది 'షిన్‌జిరో', 'నమ్ము' అనే ఆజ్ఞ. 'ఏమో' అన్న చోట పదకొండేళ్ళ తర్వాత 'నమ్ము' వచ్చి కూర్చుంది. అందుకే నేను దీన్ని నకలు అనను, జవాబు అంటాను.

ఆ జవాబు 26వ భాగంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఎవాంజెలియన్ 26లో షింజికి మామూలు బడి పిల్లవాడిగా బతికే మరో లోకం కనిపిస్తుంది. నువ్వు ఇలా కూడా ఉండగలవు అని అది ధైర్యమిస్తుంది. గుర్రెన్ లగాన్ 26లోనూ సిమోన్‌కు మరో లోకం కనిపిస్తుంది, అందులో కమినా బతికే ఉంటాడు. కానీ అది శత్రువు పన్నిన ఉచ్చు, దాటి రావాల్సిందే. అక్కడ ఊరట ఇచ్చిన తలుపే ఇక్కడ బోను.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది పోలికల దగ్గర. సిమోన్ ఆయుధమైన డ్రిల్ ఎవాంజెలియన్ నుంచి రాలేదు, దాని మూలం 1974 నాటి రోబో కథ 'గెట్టర్ రోబో'. గుర్రెన్ లగాన్ రచయిత నకషిమా కజుకి నాటకాలు రాసేవాడు, గెట్టర్ కామిక్స్‌కు సంపాదకుడిగానూ పనిచేశాడు. రోబో చేతులు కట్టుకుని నిలబడే భంగిమ 1988లో అన్నోయే తీసిన 'గన్‌బస్టర్'ను గుర్తుచేస్తుంది. ఒక కథకు తాతలు నలుగురుంటే ఒక్కరి పేరే చెప్పి ఊరుకోకూడదు.

మీరే చేసి చూడాలంటే, ముందు రెండు సిరీస్‌లూ పూర్తిగా చూడండి. తర్వాత ఎవాంజెలియన్ 4, 25, 26, గుర్రెన్ లగాన్ 8, 11, 26 మళ్ళీ పెట్టుకోండి. నోటుబుక్కు పేజీని మూడు నిలువు గళ్ళుగా విడదీయండి: ఎవరన్నారు, ఏ సర్వనామం, వాక్యం ఎలా ముగిసింది. పోలిక కనిపించిన ప్రతిసారీ అదే పోలిక 1995కి ముందు వచ్చిన దేంట్లోనైనా ఉందేమో చూడండి. ఉంటే పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టండి, కొట్టేయొద్దు. ఎఫ్ఎల్‌సిఎల్ ఆరు భాగాలే కాబట్టి ఒక ఆదివారం సరిపోతుంది. బ్యాట్ ఊపడానికే జంకే దాని నాయకుడు నవోతాను 4వ భాగంలో చూడండి, షింజికీ సిమోన్‌కీ మధ్య ఉన్న మెట్టు అతనే.

ఆశీస్సులతో,
మీ తాతయ్య