తొమ్మిది ముక్కల లెక్క: సూర చేపల్లో హిస్టమిన్ తగాదా ఎక్కడ మొదలైంది?

హిస్టమిన్ ఎక్కువుందని సూర (ట్యూనా) చేపల కంటైనర్ విదేశం నుంచి వెనక్కి వచ్చినప్పుడల్లా ఇదే గొడవ. ఇక్కడి ల్యాబు బాగుందన్న సరుకును అక్కడి ల్యాబు ఎలా కాదంటుంది? హిస్టమిన్ అంటే, పట్టిన చేపను వెంటనే చల్లబరచకపోతే బ్యాక్టీరియా ఎంజైమ్ వల్ల అందులో పుట్టే, తిన్నవాళ్లకు జబ్బు తెచ్చే పదార్థం. వండినా డబ్బాకెక్కించినా అది పోదు. ఈ తగాదాకు అసలు మూలం 1991లో ఉంది.

ఆ ఏడాది యూరప్ ఒక ఆదేశం తెచ్చింది. లాటుకు 9 శాంపిళ్లు తీయాలి. సగటు కేజీకి 100 మిల్లీగ్రాములు దాటకూడదు. రెండు శాంపిళ్ల వరకు 100కూ 200కూ మధ్య ఉండొచ్చు, 200 మాత్రం ఒక్కటీ దాటకూడదు. 2005 నిబంధనల్లోనూ ఇదే లెక్క కొనసాగింది.

తొమ్మిది ఎందుకంటే, హిస్టమిన్ అంతటా ఒకేలా ఉండదు. ఒకే చేపలో తోక దగ్గరి ముక్క కన్నా పొట్ట దగ్గరి ముక్కలో ఎక్కువ తేలొచ్చు. ఒక చేప శుభ్రంగా ఉండి, పక్కనున్నది పరిమితి దాటొచ్చు. ల్యాబులో ముక్కను మెత్తగా చేసి, మిథనాల్‌లో వేడిచేసి, వడగట్టి, రెజిన్ గొట్టంలోంచి దింపుతారు. తర్వాత రసాయనం కలిపితే నీలంగా వెలుగుతుంది. కొలిచేది ఆ వెలుగునే. అంత శ్రద్ధగా కొలిచినా తెలిసేది ఆ ముక్క సంగతే. అందుకే రెండు ల్యాబుల రిపోర్టులు వేరైనా, రెండూ నిజం కావచ్చు. పైగా చేపను గడ్డకట్టించినా హిస్టమిన్‌ను పుట్టించే ఆ ఎంజైమ్ చావదు. సరుకు దారిలో కరిగితే మళ్లీ పని మొదలుపెడుతుంది.

విదేశీ ల్యాబులు కావాలనే బిగిస్తున్నాయని కొందరు ఎగుమతిదారుల వాదన. బోటు వాళ్ల మాట వేరు, దాన్ని వినాలి. గాలానికి చిక్కిన సూర పెనుగులాడి ఒళ్లంతా వేడెక్కుతుంది. పూడిమడక లాంటి ఊళ్ల నుంచి వెళ్లే చిన్న ఫైబర్ బోటులో ఐసు పెట్టెకు చోటెంత? పెద్ద చేప పడితే అందులో పట్టనే పట్టదు.

అమెరికా ఈ సంగతిని ముందే పట్టుకుంది. 1995లో పరిమితిని 50 పీపీఎంకు, అంటే కేజీకి 50 మిల్లీగ్రాములకు, దించింది. 1997 డిసెంబరు నుంచి పరీక్ష ఒక్కటే చాలదని, పట్టిన దగ్గర్నుంచీ జాగ్రత్త చూపాలని కొత్త నిబంధన అమల్లో పెట్టింది. వాళ్ల మార్గదర్శకాల ప్రకారం గాలిగానీ నీళ్లుగానీ 28.3 డిగ్రీలు దాటి వేడిగా ఉంటే, చేప చచ్చిన 6 గంటల్లోపు ఐసులో పడాలి. వేసవిలో బంగాళాఖాతం పై నీళ్లు ఆ వేడి దాటే ఉంటాయి. అంటే మన బోట్లకు దక్కేది ఆ 6 గంటలే.

2021 డిసెంబరులో అక్కడే పరిమితిని 35 పీపీఎంకు దించే ముసాయిదా వచ్చింది. చర్చంతా ఆ అంకె చుట్టూ తిరిగింది. అమెరికాలో సరుకు ఫెయిలైతే పరీక్షించకుండానే నిలిపేసే 16-105 జాబితాలోకి ఎక్కేది ఎగుమతి కంపెనీ పేరు. ఆ చేప ఐసులో ఎన్ని గంటలకు పడిందో తెలిసింది బోటు మీదున్నవాడికే. ఆ ఐసు ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న మాట మాత్రం ఇప్పటి గొడవలోనూ వినిపించడం లేదు.