అడ్వాన్స్ తీరేదాకా కదలకూడదా? వెట్టిచాకిరీ మీద అపోహలు, వాస్తవాలు

పోయిన వారం సూళ్లూరుపేట వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్లక్కా బావా, ఇద్దరు పిల్లలూ తిరువళ్లూరు దగ్గర ఇటుక బట్టీలో ఉన్నారు, రెండేళ్లుగా ఊరికి రానివ్వట్లేదు. "అక్కా, అడ్వాన్స్ 45 వేలట, నేను 30 వేలు సర్దాను, మిగతాది తగ్గించమని ఓనర్‌తో మీరొక మాట చెప్తారా" అంటాడు. ఆ 30 వేలు వాళ్లమ్మ చెవి కమ్మలు కుదువ పెట్టి తెచ్చినవి. నేను చెన్నైలో ఈ కేసుల పనిలోకి వచ్చి పదకొండేళ్లైంది, ఈ మాట ఎన్నిసార్లు విన్నానో నాకే తెలీదు, విన్న ప్రతిసారీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

అపోహ: తీసుకున్న డబ్బు తీర్చేదాకా పని చెయ్యాల్సిందే, లేదా కట్టేసి విడిపించుకోవాలి.

రెండూ తప్పే. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం వెట్టి కింద ఉన్న అప్పు రద్దయిపోయినట్టే, ఓనర్ కోర్టుకెళ్లి వసూలు చేసుకోవడానికి కూడా లేదు. పైగా రద్దయిన అప్పు కింద డబ్బు పుచ్చుకుంటే పుచ్చుకున్నవాడికే 3 ఏళ్ల దాకా జైలు. చీటింగ్ కేసు పెడతా, స్టేషన్‌కి ఈడుస్తా అని బెదిరిస్తారు చూడండి, ఆ బెదిరింపుకి భయపడే చాలామంది కట్టేస్తారు. భయపడటం వాళ్ల తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు కాబట్టే.

డబ్బు కట్టి తెచ్చుకుంటే పోయేది ఆ డబ్బొక్కటే కాదు, అసలు నష్టం ఇక్కడుంది. రికార్డులో వాళ్లు వెట్టిలో ఉన్నట్టే ఉండదు, లెక్క సెటిలైందని ఓనర్ ఒక కాయితం మీద వేలిముద్ర వేయించుకుని పంపిస్తాడు. రిలీజ్ సర్టిఫికెట్ రాదు, అంటే వెట్టి నుంచి విడుదలైనట్టు ప్రభుత్వం ఇచ్చే కాయితం. అది ఉంటేనే 30 వేల దాకా తక్షణ సాయం, తర్వాత మగవాళ్లకి 1 లక్ష, ఆడవాళ్లకీ పిల్లలకీ 2 లక్షలు, లైంగిక దోపిడీ లాంటి ఘోరమైన కేసుల్లో 3 లక్షలు. ఆ పెద్ద మొత్తం కేసు తేలాక గానీ రాదు, ఏళ్లు పడుతుంది, ఆ మాట నేను ముందే చెప్పేస్తాను. కానీ సర్టిఫికెట్ లేకపోతే అడగడానికే దారి ఉండదు, చేతిలో పైసా లేక మళ్లీ సీజన్‌కి కూలీలని కుదిర్చే ఇంకో మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని ఇంకో బట్టీకి పోతారు. అలా తిరిగొచ్చినవాళ్లని నా కళ్లతో చూశాను.

అంటే అడ్వాన్స్ ఇస్తేనే నేరమా అని అడుగుతారు. కాదండీ. ఆ అడ్వాన్స్ వల్ల మనిషి బయటికి పోలేకపోతున్నాడా, ఇంకోచోట పని చేసుకోలేకపోతున్నాడా, కూలి నామమాత్రమా, ఇవి చూడాలి. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకుంటే అదీ బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లోనే, ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) కట్టడాల కూలీల కేసులో చెప్పింది. ఇక రాతపూర్వకంగా ఏమీ లేదే అని కంగారు పడకండి, అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత చట్టం ఓనర్ మీదే పెట్టింది.

అపోహ: తాళం వెయ్యలేదు, గేటు తెరిచే ఉంది, ఇంక వెట్టి ఏమిటి?

ఎంక్వైరీకి వచ్చిన ఆఫీసర్ల నోటే విన్నాను ఇది. ఒక బట్టీలో తల్లి చనిపోయిందని కొడుకుని రెండు రోజులు ఊరికి పంపారు, పంపింది అతన్నొక్కణ్ణే, పెళ్లాం బిడ్డలు బట్టీలోనే. పిల్లలు ఇక్కడుంటే వాడెక్కడికి పోతాడు? ఓనర్లకి తాళం అక్కర్లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఇష్టపడే వెళ్లారు కదా అంటారు, మోసంతోనో బెదిరించో తీసుకెళ్తే బాధితుల ఒప్పుకోలు లెక్కలోకి రాదని ఇప్పటి భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 143వ సెక్షన్‌లో ఉంది. ట్రాఫికింగ్ (మనుషుల అక్రమ రవాణా) అంటే దేశం దాటించడమే అనుకోకండి, అలా మోసంతోనో బెదిరించో నెల్లూరు నుంచి చెన్నై పక్కన రెడ్‌హిల్స్ రైస్ మిల్లుకి తెచ్చినా అదే. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని వాట్సాప్‌లో తిప్పేవాళ్లకి మాత్రం ఒక్క మాట: 2018లో ఆ పుకార్లకే పులికాట్‌లో ఒక అమాయకుణ్ణి కొట్టి చంపి వంతెనకి వేలాడదీశారు. దయచేసి ఫార్వర్డ్ చెయ్యకండి. పిల్లల గురించి నిజంగా అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెయ్యండి.

ఆ తమ్ముడికి చెప్పింది మీకూ చెప్తున్నా. డబ్బు పంపకండి, ఓనర్‌కి ఫోన్ చెయ్యకండి, చేస్తే రాత్రికి రాత్రి ఇంకో బట్టీకి మార్చేస్తారు. వాళ్లు పనిచేస్తున్న జిల్లా కలెక్టర్‌కో సబ్ కలెక్టర్‌కో రాతగా కంప్లైంట్ ఇవ్వండి, ఉచిత లాయర్ కోసం 15100కి ఫోన్ చెయ్యండి. వాంగ్మూలం తీసుకునేటప్పుడు తెలుగొచ్చిన మనిషి కావాలని గట్టిగా అడగండి, అరవంలో రాసింది అర్థం కాకుండా సంతకం పెట్టొద్దు. సర్టిఫికెట్ చేతికి రాకుండా ఊరి బస్సు ఎక్కొద్దు.

ఇంకోటి, వాళ్ల దగ్గర లెక్కల నోట్‌బుక్ ఉందేమో కనుక్కోండి. ఒకామె పాలిథిన్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకుంది. వారం వారం ఖర్చులకిచ్చింది, పాపకి జ్వరమొస్తే ఆస్పత్రికి 600, వానకి తడిసి పోయిన పచ్చి ఇటుకలు, అన్నీ అడ్వాన్స్‌లోనే కలిపి రాశారు, 25 వేలు మూడేళ్లలో 41 వేలైంది. ఓనర్ మనుషుల చేతిరాతతోనే ఉంది మొత్తం. అలాంటిది ఉంటే ఎవరికీ చెప్పకుండా ప్రతి పేజీ ఫొటో తీసి ఊళ్లో నమ్మకమైనవాళ్లకి పంపించమనండి.